అసీమో పీపా, పనాగోస్ బంక

మా కోరొపీలో వైన్ అంటే రెత్సీనాయే. పులుస్తున్న ద్రాక్షరసంలో పైన్ చెట్టు బంక పడాలి, ఆ రెండూ పీపాలో పడుకుని లేవాలి, అప్పుడే మేము దాన్ని వైన్ అంటాం. ఏథెన్స్ నుంచి వచ్చే పెద్దమనుషులు కొందరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వార్నిష్ వాసనొస్తోందని మూతి ముడుస్తారు. నేను దర్జీని. అలాంటివాళ్లు నా దగ్గర ప్యాంటు కుట్టించుకుంటే నడుము దగ్గర ఒక సెంటీమీటరు బిగించి కుడతాను. నా కోపం అంతవరకే.

ఈ ఊళ్ళో మంచి రెత్సీనా ఎవరిదని అడిగితే ఆలోచించకుండా అసీమోది అంటాను. అందులో పక్షపాతం ఉంది, దాచను. నా కొట్టుకు ఎదురుగానే ఆవిడ నేలమాళిగ. ఆవిడ వండిపెట్టి వైన్ అమ్మే చోటు అదే. అందులో ఒక పీపా, ఆరు బల్లలు, ఒక పొయ్యి. ఆవిడ పెళ్లిలో వధూవరుల తలల మీది కిరీటాలు మూడుసార్లు అటూ ఇటూ మార్చినవాణ్ని నేనే. మా దగ్గర ఆ పని చేసినవాడు ఆ రోజు నుంచి చుట్టం కిందే లెక్క. మొగుడూ పెళ్లాం ఇద్దరూ అతన్ని 'కుంబారె' అని పిలుస్తారు. వాళ్లిద్దరికీ చెడితే మధ్యలో నిలబడాల్సిందీ అతనే. ఈ రెండో సంగతి పెళ్లిరోజున నాకెవరూ గట్టిగా చెప్పలేదు.

అసీమో పుట్టింది ఆ నేలమాళిగ పైనున్న ఇంట్లోనే. ఎనిమిదేళ్లప్పుడు ఆమెను పీపాకున్న చిన్న తలుపులోంచి లోపలికి పంపి గోడలు రుద్దించేవారు. పెద్దవాళ్లు అందులో పట్టరు. లోపల చతికిలబడి పాడుకుంటూ రుద్దేది. వీధిలో వెళ్లేవాళ్లకు ఆ పాట పీపాయే పాడుతున్నట్టు వినపడేది. పదమూడేళ్లొచ్చేసరికి భుజాలు పట్టక ఆ పని మానేసింది గానీ, ఆ పీపా తనదన్న ధీమా మాత్రం పోలేదు. తండ్రి పోతూ ఆమెకు అప్పగించినవి మూడే. ఆ పీపా, వెల్లుల్లి నూరే రాతిరోలు, బంక ఎంత వెయ్యాలో కొలత.

పనాగోస్ మెగారా వైపు కొండల్లో పైన్ చెట్లకు గాటుపెట్టి బంక తీసేవాడు. ఏటా సెప్టెంబరులో గాడిద మీద డబ్బాలు వేసుకుని మా ఊరొచ్చేవాడు. అన్ని ఇళ్లకూ ఒక్కసారే వెళ్లేవాడు, అసీమో ఇంటికి మాత్రం మర్నాడు మళ్లీ వచ్చేవాడు. నిన్న ఇచ్చిన బంకలో చెత్త పడిందేమో చూసిపోదామని వచ్చానంటూ గుమ్మంలో టోపీ నలుపుకుంటూ నిలబడేవాడు. మూడో ఏడు అసీమో, బంకలో చెత్తేమీ లేదు గానీ వచ్చినవాడివి కూర్చోమంది. ఆ చలికాలమే పెళ్లి. చర్చిలో నేను ఉంగరాలు మార్చబోతే అతని వేలికున్న బంకకు ఉంగరం అతుక్కుపోయి ఊడి రాలేదు. సబ్బు తెప్పించాల్సి వచ్చింది.

పెళ్లయ్యాక బంక అతనిది, పీపా ఆవిడది. ద్రాక్ష తొక్కి రసం పీపాలో పోసి అది పొంగడం మొదలుపెట్టగానే ఇద్దరూ కలిసి కిందికి దిగేవారు. "వేద్దామా?" అని అతను అడగాలి, "వెయ్యి" అని ఆవిడ అనాలి. ఆవిడ కొలిచిస్తే అతను పోసేవాడు. పదేళ్లు అలాగే జరిగింది.

వంటలో ఆవిడకో పద్ధతి ఉండేది. పొయ్యి వెలిగించే ముందు అర గ్లాసు వైన్ నోట్లో పోసుకుని కళ్లు మూసుకుని నిలబడేది. ఆ రోజు వైన్ ఏమడిగితే అది వండేది. చలికి వైన్ బిగుసుకుని ఉంటే చిన్న చేపల వేపుడు, ఎండకు మెత్తబడి ఉంటే మిరియాలు దట్టించిన సాసేజ్. ఏం తినాలని ఉందో మమ్మల్ని ఒక్కనాడూ అడగలేదు. అడిగినా మాకు తెలిసేది కాదు.

అరవై నాలుగులో సెప్టెంబరు పద్నాలుగు, సిలువ పండుగ నాడు గొడవ మొదలైంది. ఆ రోజు ఉపవాసం కాబట్టి మాంసం, చేప లేవు. వంకాయ వేపుడు, ఉడికించిన బీట్‌రూట్, పక్కన వెల్లుల్లి ముద్ద. అసీమో వెల్లుల్లిలో నీళ్లతో తడిపిన రొట్టె వేసి, నూనె పోస్తూ రోట్లో నూరుతుంది. వాళ్ల నాన్న అలాగే నూరేవాడు. పనాగోస్ రెండో గ్లాసులో ఉన్నాడు. ఎవరినీ ఏమీ అనాలని కాదు, ఊరికే అన్నాడు, తన తల్లి రొట్టె బదులు బంగాళాదుంపలు వేసేదని, నాలుగు దుంపలు వేస్తే ముద్ద వెన్నలా వచ్చేదని. బావులు తవ్వే లీయాస్‌కు ఊళ్ళో అందరికంటే పెద్ద నోరు. ఆయనందుకుని, అయితే ఇన్నేళ్లూ మనం ఇసక తింటున్నామా అన్నాడు. పదిమందీ నవ్వారు, పాపం పనాగోస్ కూడా నవ్వాడు. అసీమో రోకలిని రోట్లోనే నిలబెట్టి మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆ తరువాత ఇద్దరి మధ్య మాట లేదు. పని మాత్రం ఆగలేదు. ద్రాక్ష కోశారు, మోశారు, తొక్కారు. ఆవిడ చెప్పాల్సింది గాడిదకు చెప్పేది, అతను పిల్లికి చెప్పేవాడు, ఎవరికి అందాల్సింది వాళ్లకు అందేది. నేను మూడుసార్లు రాజీకి వెళ్లాను. మొదటిసారి ఆవిడ నన్ను బయటికి పంపింది, రెండోసారి అతను పంపాడు. మూడోసారి ఇద్దరూ కలిసి పంపారు గానీ, అప్పుడూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

అక్టోబరు ఇరవై ఆరు, సెయింట్ దిమిత్రియోస్ పండుగ. ఊళ్ళో ప్రతి నేలమాళిగలోనూ కొత్త పీపాలు తెరిచేది ఆ రోజే, అంతకుముందు ఎవరూ రుచి చూడరు. ఉదయం ప్రార్థన అయ్యాక మా చర్చి అయ్యగారు పాపా లెఫ్తేరిస్ ఒక్కో పీపాను ఆశీర్వదిస్తూ వీధంతా తిరుగుతారు, మగవాళ్లందరూ వెనకే నడుస్తూ అన్నిచోట్లా తాగుతారు. మధ్యాహ్నానికల్లా ఎవరు ఎక్కడ కూర్చుంటారో తేలిపోతుంది. ఆ కుర్చీ ఈస్టర్ దాకా మారదు. అసీమోకి ఉన్నది ఒకే పీపా. ఆ పూట కుర్చీలు ఖాళీగా ఉంటే చలికాలమంతా ఖాళీయే, పీపాలో మిగిలింది వచ్చే కోతల నాటికి వెనిగర్ అవుతుంది. ఏడాది కష్టం అక్కడితో సరి.

ఆ రోజు ఉదయం ఏడింటికి నేను కొట్టు తెరుస్తుంటే ఆవిడ వచ్చింది. చేతిలో గ్లాసు, దాని మీద అరచెయ్యి మూత. ఏం వండాలో తెలుసుకుందామని ఎప్పటిలాగే అర గ్లాసు పట్టుకుందట.

"తాగు, కుంబారె," అంది.

తాగాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నోట్లో ముందూ వెనకా అంతా పైన్ అడవే, మధ్యలో ఎక్కడో ద్రాక్ష దారి తప్పింది. ఆవిడ మొహం తెల్లగా ఉంది.

"వచ్చి ఆ మనిషిని ఒక మాట అడుగు," అంది. "నేను అడగను."

వెళ్లాను. పనాగోస్ కింద బల్లలు తుడుస్తున్నాడు. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడింది, అతను పీపా దగ్గర, మధ్య పది అడుగులు కూడా లేవు. నేను చెవిటివాళ్ల మధ్య నిలబడ్డ మనిషిలా ఇటూ అటూ తల తిప్పుతున్నాను.

"పీపాలో బంక వేశాడేమో అడుగు."

"వేశానని చెప్పు. వెయ్యక? తను పంతానికి వెయ్యకుండా వదిలేసింది, రసం పాడైపోతుందని నేనే కొలిచి పోశాను."

"ఎప్పుడు పోశాడట?"

"తొక్కిన మంగళవారం. పొద్దున, తను సమాధుల దగ్గరికి వెళ్లినప్పుడు."

అసీమో పొయ్యి గట్టు పట్టుకుంది.

"ఆ మనిషికి చెప్పు, కుంబారె. అదే మంగళవారం మధ్యాహ్నం, తను కాఫీ కొట్లో ఉన్నప్పుడు నేనూ పోశాను. తను పంతానికి మా నాన్న పీపా పాడుచేస్తాడనుకుని పోశాను."

నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పెరట్లో అమ్మకానికి పేర్చిన బంక డబ్బాలు నలభై ఉంటాయి, ఒకటి తగ్గిందో రెండు తగ్గాయో ఎవరు చూస్తారు? నేలమాళిగలో పైన్ వాసన ఎప్పుడూ ఉండేదే. అప్పుడు అసీమో నావైపు కాక అతనివైపు చూసింది.

"అడగొచ్చుగా, పనాగో."

నలభై రెండు రోజుల తరువాత మొదటి మాట. అతను గుడ్డను చేతుల్లో మెలితిప్పుతూ, "నువ్వూ అడగొచ్చుగా," అన్నాడు.

అంతే, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నలభై రెండు రోజుల సరుకంతా బయటికొచ్చింది. గాడిద మేత దగ్గర మొదలై అత్తగారి చెప్పుల దాకా వెళ్లింది. నాకు గుండె మీద బరువు దిగినట్టయింది. తిట్టుకుంటున్న సంసారం బాగుపడుతుంది, నాకా నమ్మకం ఉంది. కానీ చర్చి గంట మోగింది. ప్రార్థన మొదలైంది, ఇంక రెండు గంటల్లో ఊరంతా ఇక్కడుంటుంది.

పనాగోస్ నీళ్లు కలుపుదామన్నాడు. ఆవిడ చూసిన చూపుకు ఆ మాట అక్కడే ఆపేశాడు. పడ్డ బంకను తియ్యలేం, ఇంకో పీపా లేదు. ఆవిడ ముక్కాలి పీట మీద కూర్చుని ఒక గ్లాసు నింపుకుంది. తినేవన్నీ తన ముందు పెట్టమంది.

ఆలివ్ కాయ కొరికి ఒక గుక్క తాగింది, తల అడ్డంగా ఊపింది. మేకపాల చీజ్‌తో వైన్ ఇంకా చేదెక్కింది. చిక్కుడు గింజల కూర దాని ముందు నీళ్లలా తేలిపోయింది. వేయించిన చిన్న చేప కాస్త నిలబడింది గానీ అదీ రెండో గుక్కకు ఓడిపోయింది. ప్రతిదీ నాకూ పనాగోస్‌కూ ఇచ్చింది. మూడో రకం తరువాత నా నాలుక మొద్దుబారిపోయింది, నేను ఏది బాగుందో చెప్పే స్థితి దాటిపోయాను.

"మనం వెతికేది తప్పు," అంది ఆవిడ చివరికి. "దీనికి తోడు కాదు కావాల్సింది. దీంతో గొడవపడేది కావాలి."

లేచి, ఒక పచ్చి వెల్లుల్లి రెబ్బ నోట్లో వేసుకుని కసిగా నమిలి, గ్లాసు ఎత్తింది. మింగి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచినప్పుడు ఆ కళ్లలో నాకు పీపాలో కూర్చుని పాడే పిల్ల కనిపించింది. మాకూ చెరో రెబ్బ ఇచ్చింది. ఏం చెప్పను? వెల్లుల్లి మంటకు బంక లొంగింది, బంక ఘాటుకు వెల్లుల్లి తగ్గింది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోతే, ఆ సందులోంచి ద్రాక్ష తలెత్తి బయటికొచ్చింది.

నీళ్లతొట్టిలో ఉప్పు చేప ముందురోజు నుంచే నానుతోంది. పిండిలో ముంచి నూనెలో వెయ్యడానికి ఎంతసేపు? తంటా అంతా వెల్లుల్లి ముద్దతోనే. ఎప్పుడూ వేసేదానికి రెట్టింపు వెల్లుల్లి వేసి నూరింది. అంత వెల్లుల్లిని మోయడానికి రొట్టె ఒక్కటే చాలడం లేదు, ముద్ద విడిపోయి గొంతులో గుచ్చుకుంటోంది. ఆవిడ రోకలి ఆపి ఆ రోటి వంక కొంతసేపు చూసింది. తరువాత, తల ఎత్తకుండానే, రెండు బంగాళాదుంపలు ఉడకపెట్టి ఒలవమంది.

పనాగోస్ వెంటనే దుంపలు పొయ్యి మీద పెట్టాడు. తెలివైనవాడు. దుంపలు ఒలిచి రోటి పక్కన పెట్టాక మాత్రం ఉండబట్టలేక, "మా అమ్మ నాలుగు వేసేది," అన్నాడు.

"రెండే," అంది అసీమో. "ఈ రోలు మా నాన్నది."

పదింటికి పాపా లెఫ్తేరిస్ నీళ్లు చల్లి దీవించారు. వెనక ముప్పై మంది దిగారు. అసీమో ఆ రోజు ఎన్నడూ లేని నియమం పెట్టింది. చేప మీద ముద్ద పెట్టుకుని ముందు ఒక ముక్క నమలాలి, ఆ తరువాతే గ్లాసు ముట్టుకోవాలి. అయ్యగారు బుద్ధిగా అలాగే చేశారు. లీయాస్ చేస్తాడా? వైన్ ముందు పట్టించాడు. బావుల్లో బండలు పగలగొట్టే మనిషి బల్ల పట్టుకుని దగ్గాడు. దగ్గు తగ్గగానే, రెండిళ్ల అవతల సొతీరిస్ నేలమాళిగ ఉందని, అక్కడ మూడు పీపాలు తెరిచారని, ఇక్కడేమో అడవిని పిండి పోశారని మొదలెట్టాడు. ఇద్దరు ముగ్గురు గుమ్మం వైపు చూశారు.

అసీమో వేడి చేప ముక్క, దాని మీద గుప్పెడు ముద్ద పెట్టి లీయాస్ నోటి ముందు పట్టుకుంది. చంటిపిల్లాడికి తినిపించినట్టు. లీయాస్ నమిలాడు, అనుమానంగా ఒక గుక్క తాగాడు. ఇంకో ముక్క అడిగాడు, ఇంకో గుక్క తాగాడు. తరువాత తన పాత కుర్చీ లాక్కుని, గోడకు ఆనించి, టోపీ దానికి తగిలించాడు. మా ఊళ్ళో టోపీ తగిలించడం అంటే ఈస్టర్ దాకా అక్కడే అని. ఆ పూట సాయంత్రానికి ఉప్పు చేప అయిపోయింది. వీధిలో ఎవరూ ఎవరి దగ్గరికీ వచ్చి మాట్లాడలేనంతగా ఊరంతా వెల్లుల్లి కంపు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, నవ్వునే పైకి చూపించాను.

ఇక్కడితో అయిపోలేదు. మరుసటి ఏడు ఇద్దరూ ఒద్దికగా ఒకే కొలత వేశారు. వైన్ బాగుంది. కానీ బల్లల దగ్గర గొణుగుడు మొదలైంది, నిరుటి దెబ్బ లేదని. దాంతో ఆ పై సెప్టెంబరులో మా వాళ్లు సిగ్గు విడిచి వాళ్లిద్దరికీ గొడవ పెట్టడానికి తయారయ్యారు. లీయాస్ రోజూ వచ్చి పనాగోస్ తల్లి వంటను పొగిడేవాడు, ఆవిణ్ని జన్మలో చూసిన పాపాన పోలేదు. అసీమోకి రెండో రోజే అర్థమైంది. మొగుణ్ని మేడ మీదికి పిలిచి ఏదో మాట్లాడింది.

అప్పటినుంచి ఆ ఇంటి ఆచారం మారింది. కొలత ఒకటిన్నర చేశారు, దాన్ని రెండు డబ్బాల్లోకి సగం సగం పోశారు. బంక వేసే రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఇద్దరికీ మాట ఉండదు. పొద్దున అతను దిగి తన డబ్బా పోస్తాడు, మధ్యాహ్నం ఆవిడ దిగి తనది పోస్తుంది. ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటారు, నవ్వు ఆపుకోలేక పనాగోస్ పెరట్లోకి పరుగెత్తేవాడు. సాయంత్రం అతనే మెట్ల మీంచి తొంగిచూసి, "వేశావా?" అంటాడు. "వేశాను," అంటుంది ఆవిడ. మౌనం అక్కడితో అయిపోతుంది. ఆ తరువాత రోలు ముందేసుకుంటారు. ఆవిడ వెల్లుల్లి, అతను రెండు బంగాళాదుంపలు. నాలుగు వేద్దామని అతను ఏటా అడిగేవాడు, రెండే అని ఆవిడ ఏటా అనేది. ఇరవై ఆరేళ్లు ఇలా సాగింది.

తొంభై రెండు మార్చిలో పనాగోస్ పోయాడు. నిద్రలోనే, ఇబ్బంది పడకుండా. కడసారి చేతులు జోడించి కట్టినప్పుడు కూడా ఆ వేళ్లు పైన్ వాసనే వేశాయి.

ఆ సెప్టెంబరులో ద్రాక్ష తొక్కించాక, బంక వేసే రోజు పొద్దున నేను వెళ్లాను. అతని డబ్బా నేను పోద్దామనుకున్నాను. పెళ్లిలో కిరీటం పట్టినవాణ్ని, ఆ హక్కు నాకుందనుకున్నాను. అసీమో పీపా పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. నేను నోరు తెరవబోతే వేలు పెదాల మీద పెట్టుకుని వద్దంది. ఆ రోజు మాట లేని రోజు. లేచి అతని డబ్బా తనే పోసింది. మళ్లీ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం రసం పొంగుతున్న చప్పుడు వింటూ ఉన్నాం. మధ్యాహ్నం లేచి తన డబ్బా పోసింది.

సాయంత్రమైంది. మెట్ల మీద ఎండ గుమ్మం దాకా జరిగింది. ఆవిడ మెట్ల వైపే చూస్తోంది. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. నేను నేల చూస్తున్నాను.

"వేశాను, పనాగో," అంది చివరికి.

తలగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుని రోలు ముందుకు లాక్కుంది. వెల్లుల్లి పాయలు ఒళ్లో పోసుకుంది. ఉడికించిన దుంపలు రెండు ఒక పళ్లెంలో పెట్టి నా వైపు తోసింది. ఒలిచాను. నా దర్జీ చేతులకు దుంప తొక్క ఒకంతట రాదు, అతనైతే ఎప్పుడో పూర్తి చేసేవాడు. పళ్లెం తిరిగి ఇచ్చేసరికి ఆవిడ ఇంకో రెండు అందులో పెట్టింది.

"ఇవీ ఒలువు, కుంబారె," అంది. "వాళ్లమ్మ నాలుగు వేసేది."